పదకొండు పోగులు

జిల్లా మూడు ముక్కలైన ఏడాది, నల్గొండ కాలేజీలో నేను జెల్లీ ఫిష్ ప్రోటీన్ గురించి పాఠం చెప్పేవాణ్ణి. సముద్రాన్ని జీవితంలో ఒక్కసారే చూశాను, అదీ చెప్పులు తడవనంత దూరం నుంచి.

ఆకుపచ్చగా మెరిసే ఆ ప్రోటీన్ పీపాలా ఉంటుంది. పదకొండు పట్టీలు పక్కపక్కన నిలబడి దాని గోడ అవుతాయి. నడిమధ్యన వెలిగే చిన్న ముక్క. పీపా విప్పితే ఆ ముక్క ఎక్కడికీ పోదు, వెలగడం మానేస్తుందంతే. బోర్డు మీద నేనెన్నిసార్లు గీసినా అది బిందెలాగే వచ్చేది. దారాలతో నమూనా కడదామని ఆదివారం ఊరికి పోయాను.

నాయిన పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆయన నేసిన ఆఖరి చీర కోసి తీశాక, పడుగు కొసలు, అంటే నిలువు పోగుల చివర్లు, మూరెడు మగ్గం మీది దువ్వెనలాంటి అచ్చులోనే మిగిలాయి. మా ఇళ్లలో వాటిని తీయరు. కొత్త పడుగు వచ్చినప్పుడు ఒక్కో పోగునూ ఒక్కో పాత కొసకు మెలిపెట్టి అతుకుతారు. తాత పోగులకు నాయిన పోగులు అట్లా అతికినవే. ఇక తానే నేస్తానని అమ్మ కొత్త పడుగు తెప్పించుకుంది. "మగ్గం సప్పుడు లేని ఇంట్ల నేనుండలేను బిడ్డా" అంది.

ఇవన్నీ తెలిసే కత్తెర పట్టాను. నాకు కావలసినవి పదకొండే కదా.

కొసలు జారకుండా అచ్చు వెనక కుచ్చులుగా ముడివేసి ఉంటాయి. ఒక ముడి కోశాను. రంగులు కుదరలేదు. ఇంకోటి కోశాను. పోగులు చిక్కుపడ్డాయి. చిక్కు తీద్దామని మిగతా ముడులూ విప్పాను. పోగులు పోగుచేసే తెలివి నాది. అన్నీ సర్రున జారి మగ్గం కింది గుంటలో పడ్డాయి. ఖాళీ అచ్చులోంచి అవతలి గోడ కనిపించింది.

అమ్మ అంగడి నుంచి వచ్చింది.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

"పాఠానికమ్మా. పదకొండు పోగులు చాలు."

"పదకొండు పోగులకు అచ్చంత దులిపినవా?" గుంటలోకి చూసింది. "మీ తాత అతికిండు. మీ నాయిన అతికిండు. నువ్వు పెద్ద సదువు సదివినవ్ రా."

నమూనా మాత్రం బాగా కుదిరింది. క్లాసులో దాన్ని తిప్పుతుంటే నాయిన పెట్టిన గంజి వాసన వచ్చింది. ముందు బెంచీ అమ్మాయి అడిగింది: "సార్, ఇప్పిన పీపా మల్ల వెలుగుతదా?"

"పట్టీలు తిరిగి పాత మడతలో పడితే వెలుగుతుంది" అన్నాను. ఆ రోజంతా చేతులు ఎంత కడిగినా గంజి వాసన పోలేదు.

మళ్లీ ఆదివారం పొద్దున్నే మగ్గం దగ్గర కూచున్నాం. అతకడానికి కొసలు లేవు కనుక, కొత్త పడుగులో ప్రతి పోగునూ అచ్చు కళ్లలోంచి, అంటే దాని సన్నటి సందుల్లోంచి, దూర్చాలి. ఒకరు వెనక నుంచి అందిస్తే ఒకరు ముందు నుంచి గుంజాలి. ముందుది నాయిన జాగా. అందులో నేను.

"ఒక కన్ను ఇడిసిపెట్టినవ్. అద్దాలు సోకుకు పెట్టుకున్నవా?" అమ్మ వారం తర్వాత నాతో అన్న మొదటి మాట.

విప్పి మళ్లీ గుంజాను. మధ్యాహ్నానికి చేతులు వాటంతట అవే కదలసాగాయి. ఆమె అందిస్తోంది, నేను గుంజుతున్నాను.

"జర ఒరుగవయ్యా, ఎల్తురుకు అడ్డమొస్తున్నవ్."

నేను ఆమెకు 'బిడ్డా'ని. కోపమొస్తే 'రా'. 'అయ్యా' అని ఆమె పిలిచింది నాయినను ఒక్కణ్నే.

తలెత్తలేదు. జవాబిస్తే వినిపించేది నా గొంతే, నాయినది కాదు. పక్కకు ఒరిగి, తర్వాతి పోగు కోసం చెయ్యి చాచాను.