బూట్ల దొర పొయ్యి

సామేలు పుట్టింది రేపల్లె దిక్కు. మిలట్రీల దోస్తైన ఓదెలు వెంట సెలవులకు గొల్లపల్లి పక్కనున్న మా ఊరికచ్చిండు. ఓదెలు చెల్లె దేవవ్వను చర్చిల పెండ్లి చేసుకున్నడు. పింఛనుకు అచ్చినంక ఈడనే పాతుకపోయిండు.

మా ఊర్ల ఓ కట్టడి ఉండె. దొర ఉండే గడి ముందటికెల్లి పోతే మా దళితవాడోళ్లు చెప్పులు చేత పట్టుకోవాలె. సామేలు బూట్లు టకటకలాడించుకుంట పోయిండు.

"ఏయ్, బూట్లిడువు!" గడి మనిషి ఒర్రిండు.

"బార్డర్ల తుపాకులు పేలంగ ఇడువలే. నిన్ను జూసి ఇడుస్తనా?"

ఆ దినం నుంచి వాడోళ్లకు ఆయన బూట్ల దొర. మొదలు నవ్వులాటకే. తర్వాత వాడ పంచాయితులు గడికి పోవుడు బందై, సామేలు అరుగు మీదికి అచ్చినయి. దొరతనం భూములతోనే అస్తదనుకునేటోళ్లకు గది సమజ్ గాదు.

తెలంగాణ కోసం జేసిన సకల జనుల సమ్మెల జగిత్యాల రోడ్డు మీద వంటావార్పు పెట్టినం. రోడ్డు మీదనే వండి, ఆడనే తిని, బండ్లు ఆపుడు. గా లొల్లిల గూడ మా వాడ పొయ్యిలు వరుస చివర్నే, మురికినీళ్ల మోరి పక్కన. ఎవలు పెట్టుమనలే. అలవాటు!

సామేలు మాత్రం మూడు రాళ్లు తెచ్చి నాయకులు కూసున్న టెంటు ముందటనే పొయ్యి పెట్టిండు. గడి దొర కొడుకు జలపతిరావు మైకు అందుకున్నడు.

"సామేలూ, నువ్వు ఆంధ్రోనివి. మా ఉద్యమంల నడుమ నీ పొయ్యేంది? అటు చివరకు జరుగు."

దేవవ్వ గంటె పట్టుకొని లేచింది. "ఆయనంటే ఆడ పుట్టిండు. నేను ఈ మట్టిల్నే పుట్టిన గదా దొరా! మరి నా పొయ్యి గిన్నొద్దులు చివర్నే ఎందుకుండె?"



సామేలు విస్తరిల అన్నం, పప్పుచారు పెట్టి జలపతిరావు ముందటికి జరిపిండు. "పొద్దుగాల మైకుల అందరం ఒక్కటే అన్నవు గదా. కూసో, తిను."

"ఇయ్యాల ఒక్కపొద్దున్న."

"అగో! ఇందాక సర్పంచు పొయ్యికాడ పులిహోర తిన్నప్పుడు లేదా ఒక్కపొద్దు?" అన్నది దేవవ్వ. జనం గొల్లున నవ్విండ్రు. జలపతిరావు జీపెక్కిండు.

విస్తరి అట్లనే ఉండిపోయింది. గొర్లకాపరి అంజయ్య ఆ విస్తరి ముందట కూసుండి, "సల్లారుతున్నది, ఇంకింత చారు పొయ్యి బూట్ల దొరా" అన్నడు. ఆయన పక్కన ఇంకొకలు. ఇంకొకలు.

తెల్లారి వాడ పొయ్యిలన్నీ టెంటు ముందటనే ఎలిగినయి. జరుగుమన్నోడు లేడు.