మచ్చు పళ్లెం

ఆనపకాయ ముక్కలు పాలలో ఉడుకుతున్న వాసన వంటింట్లోంచి వస్తే నా వెన్ను దానంతటదే నిటారవుతుంది. జయపురంలో మా తాతగారికి బియ్యం మిల్లు ఉన్న రోజుల్లో అలవడిన నిటారు నడక అది. మిల్లు పోయినా నడక పోలేదు. కానీ ఈ వాసనకు వెన్ను బిగిసేది ఆ గొప్పకు కాదు. పైడమ్మ పిన్ని గుర్తొస్తుంది, అందుకు.

తొంభైల చివర్లో మేం రాయగడ చేరి ఆవిడ ఇంటి వెనకవాటాలో అద్దెకు దిగాం. ఆవిడ భర్త ఒకప్పుడు మా మిల్లు గుమస్తా. అప్పటికి సొంతంగా కిరాణా హోల్‌సేల్ వ్యాపారి. నా తమ్ముడు సూరిబాబుకి పదేళ్లు. ఆటిజం అని విశాఖపట్నం డాక్టరు చెప్పాడు. వాడు తెల్లనివి తప్ప తినడు: అన్నం, పెరుగు, మరమరాలు. చేతులు సన్నబడ్డాయి, మెట్లెక్కితే ఆయాసం. నేను పెరుగన్నంలో కూర మెత్తగా చిదిమి కలిపాను. ఒక్క ముద్దలో కనిపెట్టాడు. ఆ తర్వాత నా చేతి అన్నం కూడా ముట్టలేదు. గిన్నె పట్టుకుని వెంటపడితే చెవులు మూసుకుని మంచం కిందికి దూరేవాడు.

ఒక సాయంత్రం వాడు కనబడక వెతికితే, పిన్ని వంటింటి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. పెరుగన్నం పక్కన చిన్న ఇత్తడి పళ్లెం, అందులో పాలు పోసి వండిన ఆనపకాయ ముక్క ఒకటి. వాడు దాన్ని వేలితో నొక్కి, వాసన చూసి, తిరిగి పెట్టేశాడు. పిన్ని అటు తిరిగి బియ్యం ఏరుకుంటోంది.

"తినలేదు కదా, ఎందుకిది?" అన్నాను.

"తినమని ఎవులన్నారమ్మి? మచ్చు సూత్తన్నాడు."

"మచ్చేమిటి?"

"తాతగారి మనవరాలివి, నీకు నేను సెప్పాలేటి? మిల్లు కాడ బియ్యం మచ్చు పళ్లెంలో పోసి ఆయనేటి సేసేవోరు? మొకం అటు తిప్పుకునేవోరు. బేరగాడు ముట్టుకుంటాడు, గింజ కొరుకుతాడు, నచ్చకపోతే ఎల్లిపోతాడు. ఆడి మొకంలోకి సూత్తే రేపు మరి రాడు."

నాకు ఒళ్లు మండింది. అది మా గద్దీ విద్య. మిల్లులో బేరాలు సాగే ఆ గద్దీ మీద తాతగారి పక్కన కూర్చుని అది చూస్తూ పెరిగినదాన్ని నేను. "మా ఇంట్లో పళ్లేలకు కరువు లేదు," అని వాడి చెయ్యి పట్టి లాగాను. వాడు కేక పెట్టాడు.

పిన్ని నవ్వింది. "పళ్లెం కూడా పట్టుకుపో తల్లీ. మొకం తిప్పుకోడం మటుకు నీకు రాదు, మెడ బిరుసు."

వాణ్ణి ఆపలేకపోయాను. రోజూ మా వాటా కిటికీలోంచి చూసేదాన్ని. నొక్కేవాడు, పెట్టేసేవాడు, కొన్నాళ్లకు నాకాడు, ఒకనాడు కొరికాడు. నమిలి మింగి, మిగిలిన ముక్కను పిన్ని నోటికి అందించాడు. నా నోటికి వాడు ఎప్పుడూ ఏదీ అందించలేదు. కిటికీ తలుపు వేసేశాను. మళ్లీ తీశాను.

పిన్ని పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు సూరిబాబు పప్పు, గుమ్మడికాయ, చోడి జావ తింటాడు. మెట్లు ఆగకుండా ఎక్కుతాడు. కొత్త కూర ఏది వండినా ఆవిడ పట్టుకుపొమ్మన్న ఆ ఇత్తడి పళ్లెంలోనే ఒక ముక్క వేసి, ముఖం తిప్పుకుని కూర్చుంటాను. నచ్చితే వాడు దాన్ని పట్టుకుని ముందుగా గుమ్మం వైపు చూస్తాడు, ఆవిడ కోసం. కాసేపాగి తానే తింటాడు. నేను అటు తిరిగే ఉంటాను. బీరువా అద్దంలో నాకు అంతా కనబడుతుంది.