తండాకు చేరని కాల్ లెటర్లు

1983లో నన్ను జూనియర్ ఉపాధి అధికారిగా మహబూబాబాద్ ప్రాంతానికి వేశారు. కార్యాలయం జిల్లా కేంద్రంలో ఉండేది. నెలకోసారి మహబూబాబాద్‌లో క్యాంపు పెట్టి, చదువు ముగిసి పని దొరకని వాళ్ల పేర్లు నమోదు చేసి కార్డులిచ్చేవాళ్లం. ఏ శాఖకైనా మనుషులు కావాలంటే మమ్మల్ని అడిగేవారు. మేము నమోదు తేదీ వరుసన, అంటే సీనియారిటీ ప్రకారం, పేర్లు తీసి కాల్ లెటర్లు పంపేవాళ్లం. మూడుసార్లు పిలిచినా రానివాడి కార్డు మీద ‘ఆసక్తి లేదు’ అని రాసి రద్దు చేయాలి. రూలు అది. ఆ మాట రాయడంలో నా చెయ్యి మహా చురుకు.

ఆ ఏడాది చలికాలం క్యాంపుకు కేసముద్రం అవతలి తండా నుంచి హరియా వచ్చాడు. లంబాడా కుటుంబం. ఆ తండాలో పదో తరగతి పాసైన మొదటివాడు. నమోదై ఆరేళ్లు. సర్కారు ఉద్యోగానికి వయసు దాటిపోవడానికి ఏడాది కూడా లేదు. కార్డు రెన్యువల్ చేయమన్నాడు. రికార్డు తీస్తే అది నెల కిందటే రద్దయి ఉంది, కింద నా సంతకం. అందరి ముందూ విరుచుకుపడ్డాను. పిలిస్తే రావడానికి ఒళ్లు బరువా, మీకోసం మేమెందుకు చావాలి అన్నాను. చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

అతను తల దించుకోలేదు. “ఒక్క కాయితం గూడ నాకు రాలే సార్. వస్తే ఉరుక్కుంట రాకపోదునా?” అన్నాడు.

అబద్ధమనుకున్నాను. డిస్పాచ్ రిజిస్టరు తిప్పి మూడు ఎంట్రీలూ చూపించాను. అయినా ఆ మాట లోపల మెదులుతూనే ఉంది. మర్నాడు ఆ తండాకు ఉత్తరాలు వచ్చే ఊరికి వెళ్లి పోస్ట్‌మన్‌ను అడిగాను. దాపరికం లేకుండా చెప్పాడు.

“తండకు ఎవలు పోతరు సార్? పటేల్ ఇంట్ల ఇస్త. వాళ్లంత ఆయన దగ్గరనే పనికొస్తరు గద.”

ఎన్నో ఏళ్లుగా అదే పద్ధతట. అది తప్పని ఎవరికీ తోచలేదు.

పటేల్ నాకు కుర్చీ వేయించి చాయ్ తెప్పించాడు. దూలానికి వేలాడే ఇనుప తీగకు ఉత్తరాలు గుచ్చి ఉన్నాయి. అడగ్గానే తీసి ఇచ్చాడు. మూడూ మావే, మూడూ చింపి చదివినవే. “ఒకపారి నాట్లు, ఒకపారి కోతలు. పని మీద మనిషి పోతే ఎట్ల సారూ? అయినంక ఇద్దామనుకున్న, యాది మర్చిన,” అని నవ్వాడు. నాకు ఒళ్లు భగ్గుమంది. మూడుసార్లు యాది మరుస్తవా, వాని నౌకరి నీ అయ్య సొత్తా అని అరిచాను. చాయ్ చల్లారుతోందన్నాడు ఆ పెద్దమనిషి.

మా అధికారి ఫైలు చూసి, ఉత్తరాలు వాపసు రాలేదు గనక అందినట్టే అన్నారు. పాత సీనియారిటీ కావాలంటే, ఉత్తరాలు అతనికి ఇవ్వలేదని పటేల్ చేతనే రాయించుకు రమ్మన్నారు. దొంగతనం చేసినవాడి దగ్గరికి వెళ్లి రసీదు అడగమన్నట్టుంది! అయినా వెళ్లాను. పటేల్ రాయలేదు. నేను రెండుసార్లు నోట్ పెట్టాను, రెండూ తిరిగొచ్చాయి.

హరియాకు ఆనాటి తేదీతో కొత్త కార్డు నేనే రాసిచ్చాను. జాబితాలో అట్టడుగున. “ఇగ నా వంతు ఎప్పుడొస్తది సార్?” అని అడిగాడు. ఏడాదిలో రాదని చెప్పాను. రాలేదు. వయసు దాటిపోయింది, అదే పటేల్ పొలంలో పనిలోనే మిగిలిపోయాడు.

తర్వాత నేనున్నంత కాలం తండాల కాల్ లెటర్లు బడి పంతులు చేతికిచ్చి, అందినట్టు ఎవరి ఉత్తరానికి వాళ్ల సంతకం తెప్పించుకున్నాను. ఉత్తరం బయలుదేరిందనే రిజిస్టరు చెబుతుంది, మనిషికి చేరిందని చెప్పదు. ఈ ముక్క తెలియడానికి ఒక్కసారి ఆ ఊరు వెళ్తే సరిపోయింది. కార్డు రద్దు చేయకముందు వెళ్లాల్సింది.