స్టేషన్ మెట్ల మీద ఫాదర్

ఉద్యమం రోజుల్లో మా ఎల్బీనగర్ బస్సు రాస్తారోకోతో దిల్‌సుఖ్‌నగర్‌లో ఆగిపోయింది. నేను చదువుతున్న క్రైమ్ నవలలోకి పక్కసీటామె జపమాలతో సహా తొంగి చూసింది. అందులో పేరింకా బయటపడని హంతకుడు చర్చిలో పాపసంకీర్తనం చేస్తూ ఫాదర్‌కు నేరం చెప్పుకున్నాడు. వాడి పేరు చెప్పడానికి ఫాదర్ పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతున్నాడు.

"గీయననా హీరో?" ఆమె మండిపడింది. "పాపసంకీర్తనంల విన్నది పానం పోయినా చెప్పొద్దు సార్!"

"కథే కదమ్మా," అన్నాను. నా డిగ్రీకి అంతకన్నా మంచి మాట దొరకలేదు.

"మా తమ్ముడు ఉద్యమంల ఏం జేసిండో మా చర్చి ఫాదర్‌కే ఎరుక. పోలీసులు ఇంటికొస్తనే ఉన్నరు. ఆయన గిట్లనే చెప్తే వాడేం గావాలె?"

పుస్తకం లాక్కుని, మిగిలిన పేజీలన్నీ చింపి సంచిలో కుక్కుకుంది. చదివేసిన సగం మర్యాదగా తిరిగిచ్చింది.

తర్వాత ఆ నవల ఓ దుకాణంలో కనబడితే, చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. హంతకుడి పేరు నాకింకా తెలియదు.