ట్రాయ్‌లో నా డెమో క్లాసు

చాలా ఏళ్ళు కచేరీల్లో వయొలిన్ వాయించి, వయొలిన్ పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఇంటర్నేషనల్ స్కూళ్ళలో చేరి వైస్ ప్రిన్సిపాల్‌గా తేలినదాన్ని నేను. పిల్లలు క్లాసులో ఎప్పుడు నోరు విప్పుతారు, ఎందుకు మూసుకుంటారు అన్నదే నా పరిశోధన. జవాబు చెబుతున్న పిల్లని మధ్యలో ఆపితే మళ్ళీ చెయ్యెత్తదని దాని సారాంశం. న్యూజెర్సీలో నేను పనిచేసే స్కూలు ఈ జూన్‌తో మూతపడుతోంది. ఇంకో స్కూలు వీసా స్పాన్సర్ చేయకపోతే పెట్టె సర్దుకోవాల్సిందే. అందుకే మిషిగన్‌లోని ట్రాయ్ నుంచి ప్రిన్సిపాల్ పోస్టుకు ఆఖరి రౌండ్ పిలుపు రాగానే టికెట్ బుక్ చేసేశాను.

నేనుండే పిస్కాటవే నుంచి నెవార్క్ ఎయిర్‌పోర్టుకు తెల్లవారుజామున అయితే అరగంటే, ఏడు దాటితే గంట పడుతుంది. డెట్రాయిట్‌కు విమానం రెండు గంటలు, ముందుగా కొంటే రానుపోను రెండొందల డాలర్లకు అటూ ఇటూ. అక్కడి నుంచి ట్రాయ్ ముప్పావు గంట. మా అక్క స్నేహితురాలి భర్త ప్రసాద్ అన్నయ్య కారు తెచ్చారు. దారంతా మంచు. నేను పాఠం లోలోపల అప్పజెప్పుకుంటుంటే ఆయన నవ్వారు.

"ఏంటమ్మా, ఆ గొణుగుడు? వీసా సంగతి వాళ్ళకి ముందే చెప్పావా?"

చెప్పానన్నాను. అయినా పిలిచారంటే సీరియస్‌గానే చూస్తున్నారని ఆయన ధైర్యం చెప్పారు. నేను పాఠం మళ్ళీ అందుకున్నాను.

ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉంది. ప్రిన్సిపాల్‌ని ఎంచుకునే కమిటీలో ఇద్దరు విద్యార్థులకూ ఓటుంటుంది. వాళ్ళు డెమో క్లాసులోనే కూర్చుంటారు, ఎవరన్నది మనకు చెప్పరు. ఆరో తరగతికి ఆదితాళంతో భిన్నాలు చెప్పడం మొదలుపెట్టాను. ఎనిమిది దెబ్బల్లో సగం, పావు. పిల్లలు హుషారుగా తాళం వేశారు. అనిక అనే తెలుగమ్మాయి లేచి, ముప్పావు ఎక్కడ పడుతుందో తాళం వేస్తూ చెప్పబోయి ఒక వేలు తప్పింది. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది.

"ఆగు. మళ్ళీ మొదటి నుంచి."

తెలుగే వచ్చేసింది నోట్లోంచి. తప్పు పడిన చోటే ఆపి మొదటికి తేవడం సంగీతం నేర్పేవాళ్ళకు ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. అనిక చెయ్యి దించేసి కూర్చుంది. వెనక వరసలో కమిటీ చైర్‌పర్సన్ పెన్ను కింద పెట్టారు. క్లాసందరి ముందూ సారీ చెప్పి, జవాబు పూర్తి చేయమని అనికను బతిమాలాను.

"ఇట్స్ ఓకే, ఆంటీ. నాకు ఇప్పుడు చెప్పాలని లేదు."

ఇక ఒక్క చెయ్యీ లేవలేదు. మిగతా ప్రశ్నలకు నేనే జవాబులు చెప్పుకున్నాను.

ఆ వారంలోనే చైర్‌పర్సన్ ఫోన్ చేశారు. ఉద్యోగం రాలేదు. ఓటున్న ఇద్దరు విద్యార్థుల్లో అనిక ఒకతె. తను ఎందుకు వద్దందో నాకు చెప్పమని తనే అడిగిందట. సారీ చెప్పడం నచ్చిందట గానీ, ఆగమనగానే తెలిసిన జవాబు కూడా మర్చిపోయానందట.

ఫోన్ పెట్టేసి బాగా ఏడ్చాను. ఆ పిల్ల మీద మాత్రం కోపం రాలేదు. నేను ఇన్నేళ్ళు రాసిందే తను చెప్పింది. ఇలాంటి క్లాసుకు వెళ్ళేవాళ్ళు ఒకరోజు ముందే చేరుకొని, తెలిసినవాళ్ళ పిల్లల్ని కూర్చోబెట్టి, కావాలనే తప్పు జవాబులు చెప్పమని అడిగి, పాఠం ఒకసారి చెప్పి చూసుకోండి. నేను ఖాళీ గదిలో రిహార్సల్ చేశాను. నా చెయ్యి అలా లేస్తుందని నాకు చూపించడానికి అనిక కావాల్సి వచ్చింది, అప్పటికే తన ఓటు నా చెయ్యి దాటిపోయింది.