నీలిపొగ

దీన్ని మోయడం మొదలుపెట్టి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టడం మానేశాను. మోసేవాడికి బరువు అలవాటవుతుందంటారు. నాకు కాలేదు. దాచడం మాత్రం బాగా అలవాటైంది. ఇంట్లో భార్యకు చెప్పలేదు, పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసిన మొహం చూసి చెప్పగలిగే మనిషినే అయితే ఇంతకాలం పట్టేది కాదు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులవి. మాది ఆళ్లగడ్డ. మా నాయనకు భూమి ఉంది, ఊళ్లో మాట చెల్లుబాటు ఉంది, వాటితోపాటు ఒక పాత కారు ఉంది. ఆ కారు నడిపేవాడు రత్నం. నంద్యాల మనిషి, క్రైస్తవుడు. యుద్ధంలో మిలిటరీ లారీలు నడిపి వచ్చాడు. అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఎంత ఎండలోనైనా చొక్కా మెడ గుండీ విప్పేవాడు కాదు. ఇంజను శబ్దం విని రోగం చెప్పేవాడు. నేను ఇరవై రెండేళ్లవాణ్ణి. అనంతపురంలో ఇంటరు రెండుసార్లు తప్పి ఇంటికొచ్చి పడ్డాను. భోజనాల దగ్గర నాయన నన్ను చూసే చూపు ఎలా ఉండేదంటే, పిలవని పెళ్లికి వచ్చినవాడు కూడా నాకంటే నిబ్బరంగా తినేవాడేమో.

కారు లాగడం తగ్గింది. శిరివెళ్ల దాటేసరికి ఉస్సురుమనేది. ఇంజన్లో పిస్టన్ల చుట్టూ ఉండే రింగులు అరిగిపోయాయనీ, కర్నూలు పంపి వేయించాలనీ రత్నం చెప్పాడు. నేనే వేస్తానన్నాను. నా దగ్గర ఇంజన్ల గురించి ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంది, అనంతపురంలో రోడ్డుపక్కన కొన్నది. పరీక్ష పుస్తకాల కంటే దాన్నే ఎక్కువ చదివాను. మద్రాసుకు రాసి రింగులు తెప్పించాను. అవి వచ్చేసరికి రత్నం క్రిస్మసుకు నంద్యాల పోతున్నాడు, నాలుగు రోజులు. నేను వచ్చేదాకా ఆగండి, ఇద్దరం కలిసి చేద్దాం అని చెప్పి పోయాడు. నేను ఆగలేదు. అతనుంటే అది అతను చేసిన పని అవుతుంది. నాకు నా పని కావాలి. తప్పు అక్కడే మొదలైందా? లేదు, అది వట్టి గర్వం. గర్వాన్ని దేవుడు కూడా చూసీచూడనట్టు వదిలేస్తాడేమో. తర్వాతిదాన్ని వదలడు.

కొట్టంలో పాత పంచె పరిచి ఇంజను విప్పాను. మూడు రోజులు పట్టింది. బిగించి తిప్పితే అందుకుంది. ఆ సాయంత్రం కోయిలకుంట్ల నుంచి వచ్చిన మా మేనమామతో నాయన అంటున్నాడు, "మావోడు ఇంజను మొత్తం ఇప్పి బిగించినాడప్పా." తలుపు వెనక నుంచి విన్నాను. నా గురించి ఆయన నోట అలాంటి మాట అదే మొదటిసారి. దాన్ని నిలబెట్టుకోవడానికి నేను ఎంతకైనా దిగజారతానని ఆ పూట తెలియదు.

రత్నం తిరిగొచ్చి పని చూశాడు. బాగుందన్నాడు. తర్వాత మూడు రోజులకే పొగ మొదలైంది. కొత్త రింగులు ఒదగడానికి కొన్నాళ్లు పడుతుంది, అప్పటిదాకా కొంచెం పొగ వస్తుందని పుస్తకంలో ఉంది. దాన్ని పట్టుకుని వేలాడాను. వారం దాటినా తగ్గలేదు, పెరిగింది. నల్లపొగైతే పెట్రోలు ఎక్కువవుతోందని, తెల్లపొగైతే నీళ్లు చేరాయని, నీలిపొగైతే ఇంజనాయిలు మండుతోందని పుస్తకం చెబుతోంది. పెద్ద డాక్టరులాగా కారు వెనక నిలబడి చూశాను. ఉదయపు ఎండలో స్పష్టంగా నీలంగా ఉంది. నమ్మబుద్ధి కాక తెల్లటి చేతిగుడ్డ తీసి పొగ గొట్టానికి అడ్డం పెట్టాను. గుడ్డ నిండా నూనె చుక్కలు పడ్డాయి.

అప్పుడు గుర్తొచ్చింది, రింగుల పొట్లంలో ఒక అచ్చు కాగితం ఉండాలని. కొట్టంలో బల్ల కాలు ఊగుతుంటే దాన్ని మడిచి నేనే కింద దోపాను. తీసి చదివాను. రింగు మీద అక్షరాలున్న వైపు పిస్టన్ తలవైపు ఉండేలా వేయాలి. నాలుగు లైన్లే. ఆ చిన్న అక్షరాలు నేను చూశాను. తయారుచేసినవాడి ముద్ర అనుకున్నాను. అన్నిటినీ ఒకే తీరుగా, ఎంతో శ్రద్ధగా, తలకిందులుగా ఎక్కించాను. కిందికి గీకాల్సిన నూనెను అవి పైకి గీకుతున్నాయి.

రెండు రోజుల పని. విప్పి తిప్పి వేస్తే సరిపోయేది. కాగితం చేతిలో ఉండగానే నాయన కొట్టంలోకి వచ్చాడు.

"ఏందిరా ఆ పొగ? బజారంతా నవ్వతాండారు."

"పెట్రోల్లో ఏదో కలిసినట్టుండాది నాయనా."

నోరు అనేసింది. ఆ క్షణంలో రత్నం నా మనసులో లేడు. ఈ మాట ఇన్నేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. నిజమేనా? నంద్యాల నుంచి డబ్బాల్లో పెట్రోలు తెచ్చేది రత్నమేనని నాకు తెలియదా? డ్రైవర్లు పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు కలుపుతారని అప్పట్లో ప్రతి అరుగు మీదా అనుకునే మాటే కదా? తెలుసు. తెలిసి కూడా ఆలోచించలేదంటే, ఆలోచించకూడదని ఎక్కడో అనుకునే ఉంటాను.  నాయన తల ఊపి వెళ్లిపోయాడు. నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాను.

మర్నాడు పొద్దున రత్నం కారు స్టార్టు చేసి, దిగి వెనక్కి వచ్చాడు. వంగి పొగలో చెయ్యి పెట్టి వాసన చూశాడు. ఆ మాటలు నాకు ఇప్పటికీ ఒక్క అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"చిన్నయ్యా, ఇది కిరసనాయిలు పొగ కాదు. నూనె తాగతాండాది."

"నీకెట్ల తెలుసు?"

"మిలిటరీలో ఇట్లాంటివి శానా చూసినా. రింగులు ఒక్కసారి తీసి చూద్దాం. పెద్దయ్య నామింద ఏందో అనుకుంటాండాడు."

"రింగులు బాగానే ఉండాయి."

"ఎవురైనా తప్పేస్తారు చిన్నయ్యా. నేను గూడా ఏసినా ఒకసారి. పెద్దయ్యకు నేను చెప్పను. మనిద్దరమే ఇప్పి సరిజేద్దాం, ఎవురికీ తెల్దు."

"బాగానే ఉండాయని చెప్పినా గదా."

అతను నా మొహం చూశాడు. చొక్కా గుండీ సరిచేసుకుని, "సరే" అన్నాడు.

అతను నాకు దారి చూపించాడు. నా పరువు పోకుండా, తన అన్నం పోకుండా, ఎవరికీ తెలియకుండా. దాన్ని ఎందుకు కాదన్నాను? అతనికి తెలిసిపోయిందన్న కోపమా? నాకంటే పనితనం ఉన్నవాడు నా మీద జాలిపడటం భరించలేకపోయానా? ఏళ్ల తరబడి తవ్వుకున్నాను. ప్రతిసారీ ఇంకాస్త చెడ్డ కారణమే దొరుకుతుంది.

ఆ మధ్యాహ్నమే నాయన అతన్ని నడవలోకి పిలిచాడు. మేనమామ కూడా ఉన్నాడు. పీట మీద కర్పూరం వెలిగించారు. మా వైపు ఏదైనా తేలకపోతే కర్పూరం ఆర్పి ప్రమాణం చేయమంటారు. చేసినవాడి మాట నిజం, అంతటితో సరి. రత్నం నిలబడిన చోటు నుంచి కదల్లేదు. పెట్రోల్లో ఏమీ కలపలేదని మీ బైబిలు మీదైనా ప్రమాణం చెయ్యమన్నాడు నాయన.

"దేనిమిందా ప్రమాణం చేయగూడదని మా వాక్యం, పెద్దయ్యా. కలపలేదంటే కలపలేదు. అంతే నా మాట."

మా ఇంట్లో ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. తప్పు చేయనివాడు ప్రమాణానికి ఎందుకు భయపడతాడు? నాయన మొహం అప్పుడే గట్టిపడింది. తర్వాత నావైపు తిరిగి, నీ బిగింపులో లోపం లేదని నువ్వు చెయ్యి అన్నాడు. రత్నం నన్నే చూస్తున్నాడు. అతను ఒక్క మాట, రింగులు చూడండి పెద్దయ్యా అని ఒక్క మాట అనుంటే నేను అక్కడే కూలిపోయేవాణ్ణి. అనలేదు. చెప్పనని పొద్దున నాకు మాటిచ్చాడు కదా. ఆ మాట నేను తీసుకోకపోయినా అతను నిలబెట్టుకున్నాడు.

నేను వెళ్లి కర్పూరం మీద అరచెయ్యి పెట్టి ఆర్పాను. లోపం లేదన్నాను. చెయ్యి కాలలేదు. కొంచెం మసి అంటింది, కడిగితే పోయింది.

రత్నం కారు తాళం గడప మీద పెట్టాడు. అద్దాలు తుడిచే గుడ్డ మడిచి దాని పక్కన పెట్టాడు. నంద్యాల బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఇంతవరకైతే పిరికితనం అనుకుని ఏదో ఒకనాటికి సరిపెట్టుకునేవాణ్ణేమో. తర్వాత చేసింది వినండి. వారం ఆగి, నాయన బంధువుల పెళ్లికని ఊరెళ్లినప్పుడు, ఇంజను విప్పి రింగులు సరిగ్గా వేశాను. పొగ ఆగితే గొడవ చల్లబడుతుంది, మెల్లగా రత్నాన్ని పిలిపించవచ్చు అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, నమ్మండి. నాయన తిరిగొచ్చి కారు స్టార్టు చేయించి వెనక్కి వెళ్లి చూశాడు. గొట్టంలోంచి ఏమీ రావడం లేదు.

"చూసినావా?" అన్నాడు. "వాడు పాయె, పొగా పాయె."

 నేను బాగుచేసిందే రత్నం మీద సాక్ష్యమైంది. అప్పుడు నోరు తెరవాలంటే పొగ గురించి చెబితే చాలదు, కర్పూరం గురించి కూడా చెప్పాలి. నావల్ల కాలేదు. నాయన ఆ మాట ఆళ్లగడ్డలో చెప్పాడు, కోయిలకుంట్లలో చెప్పాడు, నంద్యాల మార్కెట్లో చెప్పాడు. నిప్పు లేంది పొగ వస్తాదా అన్నారు అందరూ. ఆ రోజుల్లో డ్రైవరుకు కాగితాల కంటే పెద్దమనుషుల మాటే ముఖ్యం. రత్నానికి మళ్లీ ఎవరూ బండి ఇవ్వలేదు. అతని చోట నేనే నడపడం మొదలుపెట్టాను.

రెండేళ్ల తర్వాత ఒకసారి నాయనను కర్నూలు తీసుకుపోతున్నాను. పాణ్యం దాటాక రోడ్డుపక్కన కొందరు కూర్చుని కంకర కొడుతున్నారు. అందులో ఒకడి చొక్కా మెడ గుండీ పెట్టి ఉంది. కారు చూసి సుత్తి ఆపాడు. గేదెలు అడ్డమొచ్చి నెమ్మదిగా పోతున్నాను. అతను ముందు నన్ను చూడలేదు. కారు వెనక, గొట్టం వైపు చూశాడు. ఆ తర్వాత తలెత్తి నన్ను చూశాడు. విప్పి సరిచేశానని అతనికి తెలిసిపోయింది. మెల్లగా తల ఊపాడు, పని కుదిరిందన్నట్టు. అందులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది.

పక్కన నాయన కునుకు తీస్తున్నాడు. బ్రేకు నా కాలి కిందే ఉంది. తొక్కలేదు.

నాయన పోయేటప్పుడు చెప్పాలనుకున్నాను. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, చెప్పకుండానే లేచాను. తర్వాత ఒకసారి నంద్యాలలో రత్నం ఉండే వీధి మొదటిదాకా పోయాను. కుళాయి దగ్గర ఒకామె, ఎవరు కావాలప్పా అని అడిగింది. ఎవరూ వద్దని చెప్పి తిరిగొచ్చాను. ఆ మరుసటేడు అతను పోయాడని బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నాను. "వాడే, పెట్రోల్లో కిరసనాయిలు కలిపినోడు" అని గుర్తులు చెప్పుకుంటున్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. క్షమించగలిగిన ఆ ఒక్కడూ ఇక లేడు. ఉన్నప్పుడు అడగలేదు. ఇప్పుడు రాస్తుంటే ఊపిరి కొంచెం కిందిదాకా దిగుతున్నట్టుంది. దేని మీదా ప్రమాణం చేయను, నా ప్రమాణం విలువ ఎంతో మీరు చూశారు. రత్నం చెప్పినట్టే చెబుతాను.

రింగులు తలకిందులుగా వేసింది నేను. రత్నం ఏమీ కలపలేదు. కలపలేదంటే కలపలేదు.