ట్రైలర్ మీద కారని పడవ

మే నెలలో వాలై చేపల మీద నిషేధం ఎత్తేసి వేట తెరిచే శనివారం నాడు మా సరస్సుల వైపు ఎవరూ పెళ్ళి పెట్టుకోరు. పెట్టుకుంటే పెళ్ళికొడుకైనా వస్తాడన్న నమ్మకం లేదు. అలాంటి ఊళ్ళో పుట్టి, వేటంటే ప్రాణం పెట్టే వైనోని కట్టుకుని కూడా హెల్మీ పెద్దయ్యాక ఒక్కసారీ పడవ ఎక్కలేదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న చెక్క పడవలో నీళ్ళు ఊరుతుంటే ఆయన, "కొంచెం తడే, ఏం కాదు," అన్నాడట. ఆ కొంచెం తడి కాసేపటికి ఆ పిల్ల నడుము దాకా వచ్చింది. జమ్ము దుబ్బులు పట్టుకుని బయటపడ్డ హెల్మీ ఆ తర్వాత ఒడ్డునే ఉండిపోయింది.

ఈ ఏడు మంచు కరుగుతుండగా, కాఫీలో రొట్టె ముంచుకుంటూ ఉన్నట్టుండి అంది. "ఈసారి వేట తెరిచిన రోజు నేనూ వస్తా. కాళ్ళు తడవకూడదు. తడిస్తే మళ్ళీ ఈ జన్మలో అడక్కు."

ఎందుకని అడగడానికి వైనోకి ధైర్యం చాలలేదు. అడిగితే మనసు మార్చుకుంటుందేమోనని భయం. గబగబా కాఫీ తాగి షెడ్డుకి పోయాడు.

ఆ అల్యూమినియం పడవ హెల్మీ తమ్ముడు యాల్మర్ వాడి వాడి ఇచ్చినది. యాల్మర్‌కి చేతిలో డ్రిల్లుంటే ఆగదు. ఏటా గాలపు కర్రల గొట్టాలని ఒకచోట బిగించేవాడు, నచ్చక పీకి ఇంకోచోట బిగించేవాడు. లంగరు కొక్కెం, కాఫీ కప్పు పెట్టుకునే రింగు, చేపల్ని చూపించే యంత్రం, అన్నీ అలాగే ఊరేగాయి. పడవ ఒళ్ళంతా జల్లెడ. ఒక కన్నం మీదైతే రాగి నాణెం అతికించాడు. రాగి పక్కన అల్యూమినియం బతుకుతుందా? నాణెం చుట్టూ లోహం తెల్లగా పొడిపొడిగా రాలిపోయింది.

వైనో ఓపిగ్గా అన్నీ పూడ్చాడు. పెద్ద కన్నాలకి రేకు ముక్క వేసి జిగురు పట్టించి రివెట్లు కొట్టాడు, చిన్నవాటికి ఉత్త రివెట్లు. తర్వాత హెల్మీ కోసం వీపు ఆనించుకునే కుర్చీ కొన్నాడు. కుర్చీతో వచ్చిన మరలు పొట్టిగా ఉన్నాయి. ఆవిడ కూర్చున్నప్పుడు కుర్చీ ఇసుమంత కదిలినా సరే, లేచి ఇంటికి పోతుంది. అందుకని తన డబ్బాలోంచి పొడవాటి మరలు ఏరి, రేకు మీద పరిచిన అడుగు పలకకి గట్టిగా బిగించాడు. రెండు చేతులతో ఊపినా కుర్చీ కదల్లేదు. ఆ సాయంత్రం పనిలేకపోయినా రెండుసార్లు వెళ్ళి దాన్ని ఊపి వచ్చాడు.

మర్నాడు పడవని రేవులో దించి చూస్తే అడుగున నీళ్ళు.

పడవ వెనక నీళ్ళు వదిలే కన్నానికి బిరడా పెట్టడం మరిచిపోయేవాళ్ళు ఎక్కువ కాబట్టి, పక్క పడవలో ఉన్నవాడు మా వాళ్ళ అలవాటు ప్రకారం అరిచాడు. "వైనో, బిరడా పెట్టావా?"

"పెట్టాను, నీ నోట్లో కూడా ఒకటి పెడతా!" అన్నాడు వైనో.

పడవని ఇంటికి లాక్కొచ్చి, మా వైపు అందరూ చేసే పనే చేశాడు. పడవని మోసే ట్రైలర్ బండి మీద ఉండగానే పైపుతో పడవ నిండా నీళ్ళు పట్టాడు. కన్నం ఉంటే లోపలి నీళ్ళు బయటికి కారాలి, ఎక్కడ కారితే అక్కడ సుద్ద గీత గీయాలి. పడవ ఆనే రెండు పొడుగు చెక్కల మధ్య వెల్లకిలా దూరి, సుద్ద పట్టుకుని కాచుకున్నాడు. చుక్క కారలేదు. మెడ పట్టేసింది గానీ పడవ మాత్రం గాజు గిన్నెలా నీళ్ళని పట్టుకుని కూర్చుంది.

సంతోషపడి మళ్ళీ సరస్సులో దించాడు. మళ్ళీ నీళ్ళు.

వైనోకి మతిపోయింది. లోపలి నీళ్ళు బయటికి రావట, బయటి నీళ్ళు లోపలికి వస్తాయట! బిరడా మార్చాడు. పూడ్చిన కన్నాలన్నిటికీ మళ్ళీ జిగురు రాశాడు. రాత్రి మంచు కురిసి తడిసిందేమోనని గుడ్డ కప్పాడు. ట్రైలర్ మీద పొడి, సరస్సులో తడి. తను ఏది చూస్తున్నాడో, ఏది ఊహించుకుంటున్నాడో తనకే తెలియకుండా పోయింది. చివరికి ఎరల కొట్టు దగ్గర పదిమందిలో తేల్చేశాడు. "అంతా ఆ యాల్మర్ కన్నాల పాపం. పడవ కాదది, చిల్లుల బకెట్టు అంటగట్టాడు."

ఆ మాట యాల్మర్‌కి చేరడానికి ఎంతసేపు? ఆ పూటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "చిల్లుల బకెట్టా? ఉచితంగా పుచ్చుకున్నప్పుడు నోరెక్కడ పెట్టుకున్నావు?"

వాళ్ళిద్దరి అరుపులకి హెల్మీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పడవ కారుతోందా?"

"ఏం లేదే, కొంచెం తడే," అనేశాడు వైనో.

ఆ మాట నోట్లోంచి ఊడిపడ్డాక గుర్తొచ్చింది అది ఎవరి మాటో. హెల్మీ గుమ్మం దగ్గర సిద్ధంగా పెట్టుకున్న రబ్బరు బూట్లు తీసి లోపల అలమరలో పెట్టేసింది.

"దించు, నా కన్నమేదో చూపించు," అన్నాడు యాల్మర్ పంతంగా. ఇద్దరూ కలిసి పడవని ట్రైలర్ మీంచి లాగి గడ్డిలో పక్కకి ఒరిగించారు. అప్పుడు కనపడింది వైనోకి: పడవ అడుగున ఆకుపచ్చ దారం ఒకటి వేలాడుతోంది. ట్రైలర్ చెక్కలకి మెత్తగా ఉండాలని తొడిగిన పాత తివాచీ గుడ్డలోదది. లాగాడు. రాలేదు. వేలితో తడిమితే మర మొన గుచ్చుకుంది.

అక్కడి నుంచి లోపలికి చూపు పోనిచ్చాడు. సరిగ్గా పైన హెల్మీ కుర్చీ.

మిగతావాటికన్నా పొడుగైన ఆ ఒక్క మర అడుగు పలకని దాటి, రేకుని కూడా దాటింది. ట్రైలర్ మీద ఉన్నంతసేపూ పడవ బరువంతా ఆ తివాచీ మీద పడి కన్నాన్ని అదిమి పెట్టింది. నీళ్ళు పోసినకొద్దీ ఇంకా అదిమింది. సరస్సులో అదిమేది ఎవరు?

యాల్మర్ దారాన్ని చూశాడు, కుర్చీని చూశాడు. "నా కన్నమేనా?" అన్నాడు తాపీగా.

"నాదే," అన్నాడు వైనో. "ఎరల కొట్టులో కూడా చెబుతాలే."

"నేను చెప్పేశాననుకో," అని యాల్మర్ అప్పుడే బయల్దేరాడు, సాయానికైనా ఆగకుండా.

కుర్చీ ఊడదీసి, పలక లేపి, మర తీశాడు వైనో. ఇంత అడుగున కన్నానికి, ముందు వేసినవాటిలా ఒక్కడే బిగించుకునే బోలు రివెట్టు చాలదు, గట్టి రివెట్టే వేయాలి. దానికి ఇద్దరు కావాలి, పైనుంచి సుత్తితో కొట్టేవాడొకడు, కిందనుంచి ఇనుప దిమ్మ అదిమి పట్టేవాడొకడు. ఒక్కడే చెయ్యబోతే రివెట్ జారి గడ్డిలో పడింది. వెతికి మళ్ళీ పెట్టాడు, మళ్ళీ పడింది. ఇక దాచి లాభం లేదని వంటింటి గుమ్మం దగ్గరికి పోయాడు.

"హెల్మీ, కొంచెం తడి కాదు. కన్నం. నీ కుర్చీ కిందే, నేనే పెట్టాను. నువ్వు కూర్చుంటే కదలకూడదని పొడుగు మర వేశాను." చేతిలోని ఇనుప దిమ్మ ముందుకి చాపాడు. "రాకపోయినా ఫరవాలేదు. దిమ్మ మాత్రం ఒక్క నిమిషం పట్టుకో."

హెల్మీ ఏప్రన్ విప్పి వచ్చి, ఒరిగిన పడవ కింద దూరి, దిమ్మని రెండు చేతులతో అదిమి పట్టింది. "కొట్టు," అంది కింద నుంచి. "ఇంకా గట్టిగా! అన్నం తినలేదా నువ్వు?"

కుర్చీని ఈసారి పొట్టి మరలతోనే బిగించాడు వైనో. శనివారం పొద్దున్నే రేవులో ఎవరో అడిగారు, "బిరడా పెట్టావా?" అని. "పెట్టాడు, నేను చూశా," అని హెల్మీయే జవాబిచ్చి పడవ ఎక్కింది. సరస్సు మధ్యకి వెళ్ళాక బూట్లు విప్పింది. మేజోళ్ళు కూడా విప్పి, ఆ చలిలో వట్టి పాదాలు అడుగు పలక మీద ఆనించింది.

"అయ్యో, అదేమిటే? చలి!"

"తడి వస్తే నీకన్నా ముందు నాకు తెలియాలి. నువ్వు చెప్పవుగా."

వైనో గాలం వేశాడే గానీ చూపు మాత్రం ఆ పాదాల మీదే ఉంది. చలికి ఎర్రబడ్డాయి. ఒకసారి గాలపు కర్ర వంగింది, ఆయన గమనించలేదు. మళ్ళీ వంగింది.

"పొడిగానే ఉన్నాయి, ముసలోడా," అంది హెల్మీ. "ఇంక నా కాళ్ళు వదిలేసి చేపని చూడు."